హనుమకొండ నుంచి డల్లాస్: పదిహేను వేల కిలోమీటర్లు, ఒక పొడుగాటి శనివారం

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు నేరుగా పోయే విమానం లేదు. ఉంటే దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. లేదు కాబట్టి మా అమ్మాయి దగ్గరికి నేనూ మా ఆవిడా దుబాయ్ మీదుగా పోయాం. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కణ్నుంచి డల్లాస్‌కు 12,920, మొత్తం 15,470. మధ్యలో దిగి ఎక్కినందుకు అదనంగా పడింది వెయ్యి కిలోమీటర్ల పైచిలుకే. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం వేసింది కానీ తర్వాత అది ఆగిపోయింది. కాబట్టి మా జిల్లాల నుంచి అమెరికా పోయేవాళ్లంతా దుబాయో, దోహానో, ఢిల్లీనో, యూరప్‌లో ఏదో ఒక ఊరో చూసుకునే పోవాలి.

నేను ఆర్టీసీలో ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయిన మనిషిని. ఏ బండి ఎక్కినా ఎన్నింటికి కదిలింది, ఎన్నింటికి చేరింది అని రాసుకోవడం అలవాటు. ఈ కథనంలో చూసిన వింతల కంటే టైములే ఎక్కువ కనిపిస్తే కారణం అదే.

శుక్రవారం: ఇల్లు దాటి శంషాబాద్ దాకా

విమానం రాత్రి 9:50కి. పొద్దున్నే బయల్దేరి దార్లో చుట్టాలింట్లో భోంచేసి పోదామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, అది దాటితే గానీ గడప దాటేది లేదంది. అంతకుముందే బయల్దేరొచ్చు కదా అంటే సకినాల డబ్బాలు ఇంకా కట్టలేదట. సరిగ్గా ఒంటిగంటకు కారు కదిలింది.

హనుమకొండ నుంచి శంషాబాద్ దాదాపు 180 కిలోమీటర్లు. కాజీపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్. అక్కడ అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నగరం తగలకుండా విమానాశ్రయానికి చేరొచ్చు. జనగామలో చాయ్‌కి ఆగాం. పెంబర్తి దాటుతుంటే వాన మొదలైంది, మృగశిర కార్తె వాన. భువనగిరి గుట్ట ఆ వానలో సగమే కనిపించింది. శంషాబాద్‌లో దిగేసరికి 5:10. అంటే నాలుగు గంటల పది నిమిషాలు, గంటకు సగటున 43 కిలోమీటర్లు. ఈ టైము గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

చెకిన్ దగ్గర ఒక్కో పెట్టె 23 కిలోలు మించొద్దు. ఆవకాయ ఉన్న పెట్టె అర కిలో ఎక్కువ తూగితే పక్కకు తీసి, సకినాల పొట్లం ఒకటి చేతిసంచిలోకి మార్చాం. మా పక్క క్యూలో ఒక పెద్దాయన మామిడిపండ్ల బుట్ట పట్టుకొని నిలబడ్డాడు. పండ్లు అమెరికాలోకి రానీయరని ఎవరో చెప్పేసరికి, అక్కడే అందరికీ తలా ఒకటి పంచేశాడు. మంచి బంగినపల్లి. మేమూ తిన్నాం.

ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అన్నీ అయ్యాక కూడా రెండు గంటల పైన మిగిలింది. లోపల చాయ్ ధర చూసి మా ఆవిడ జనగామ చాయ్‌ని తల్చుకుంది. మొత్తమ్మీద విమానాశ్రయం గుమ్మం దాటినప్పటి నుంచి విమానం కదిలేదాకా 4 గంటల 40 నిమిషాలు. రోడ్డు మీద పట్టిన టైము కంటే ఇదే ఎక్కువ.

శుక్రవారం రాత్రి: దుబాయ్ విమానంలో

ఈ విమానంలో అమెరికా పోయేవాళ్లు ఒక రకం, దుబాయ్‌లోనే దిగేవాళ్లు ఇంకో రకం. చూడగానే తెలిసిపోతుంది. నా పక్క సీట్లో జగిత్యాల దిక్కు అబ్బాయి, నలభై లోపు ఉంటాడు. బిల్డింగ్ పనిలో ఉన్నాడు, సెలవు అయిపోయి తిరిగి పోతున్నాడు. ఉత్తర తెలంగాణలో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ఇట్లాంటి మనిషి లేని వాడ అరుదు.

"కాకా, మా ఊరి నుంచి శంషాబాద్‌కు అయిదు గంటలు పట్టింది. గీడికెల్లి దుబాయ్‌కి నాలుగు గంటలు గూడ పట్టది" అన్నాడు.

నిజమే. టైము లెక్కన చూస్తే అతనికి దుబాయ్ కంటే శంషాబాదే దూరం. మరి ఇంటికి ఎన్నాళ్లకోసారి వస్తావంటే, "కంపెనీ రెండేండ్లకోసారి టికెట్ ఇస్తది" అన్నాడు. తర్వాత అతను కళ్లు మూసుకున్నాడు, నేనూ ఇంకేం అడగలేదు.

3 గంటల 50 నిమిషాల్లో దిగాం. నా చేతి గడియారంలో 1:40, అక్కడి గోడ గడియారంలో 12:10. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. నేను గడియారం మార్చలేదు. షుగర్ మాత్రల కోసమని ఇంటి టైమే ఉంచుకున్నాను. పెద్దవాళ్లతో పోయేవాళ్లు ఇది ముందే డాక్టర్ని అడిగి రాసుకోవడం మంచిది. మందులు మాత్రం పెట్టెలో వేయకుండా చేతిసంచిలోనే పెట్టుకోవాలి, పెట్టె ఎప్పుడు చేతికొస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

దుబాయ్‌లో రెండున్నర గంటలు దొరికింది. అందులో మళ్లీ సెక్యూరిటీ, తర్వాత నడక, లోపలి రైలు, మళ్లీ నడక. కనెక్షన్ గంటన్నరే ఉన్న టికెట్లు కొంచెం చవగ్గా కనిపిస్తాయి గానీ మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ టెన్షన్ పడలేం. అర్ధరాత్రి దాటాక కూడా అక్కడ సంత ఉన్నంత జనం.

శనివారం: పదహారుంపావు గంటలు

దుబాయ్ టైము 2:40కి బోయింగ్ 777 కదిలింది. డల్లాస్ పడమరన ఉందని మన మనసులో ముద్ర. ముందు సీటు వెనక ఉన్న తెర మీద చూస్తే బొమ్మ విమానం ముక్కు ఉత్తరానికి తిరిగి ఉంది. మా ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏమయ్యా, తొవ్వ తప్పిండా ఏంది వీడు?"

తప్పలేదు. దుబాయ్ నుంచి డల్లాస్‌కు దగ్గరి దారి పడమరకు సముద్రం మీద అడ్డంగా పోదు. పైకెక్కి, ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ దిక్కుగా వంగి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది. గాలులను బట్టి, ఏ దేశం ఆకాశంలో ఏ గొడవ ఉందన్నదాన్ని బట్టి రోజురోజుకూ కొంచెం అటూ ఇటూ జరుపుతారు గానీ, లెక్క ప్రకారం ఆ గీత 67 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా పోయి వస్తుంది. మన వరంగల్ 18 డిగ్రీల దగ్గరుంది. తెర మీద వేగం గంటకు 900 కిలోమీటర్ల దగ్గర, ఎత్తు పది పదకొండు కిలోమీటర్లు, బయట చలి మైనస్ యాభై దాటి చూపిస్తోంది.

ఎక్కిన రెండు గంటలకు తెల్లారింది. అసలు విచిత్రం ఆ తర్వాత. సూర్యుడు కిటికీ అంచున ఎంత ఎత్తులో ఉన్నాడో గంటలు గడిచినా అక్కడక్కడే ఉన్నాడు. భోజనం పెట్టారు, తీసేశారు, దీపాలార్పి కిటికీ తెరలు దించమన్నారు, అందరూ నిద్రపోయారు, లేచారు. కొంచెం తెర ఎత్తి చూస్తే బయట ఇంకా అదే పొద్దుటి ఎండ. కారణం కష్టమైందేమీ కాదు. వరంగల్ దగ్గర భూమి గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతుంది, దాన్ని ఈ విమానం అందుకోలేదు. 67 డిగ్రీల దగ్గర ఆ వేగం 650కి పడిపోతుంది. అక్కడ పడమరకు పోయే విమానం పొద్దును వెనక్కి నెట్టగలదు. పైగా జూన్ నెల, ఆ ఎత్తు అక్షాంశాల్లో పొద్దు గుంకేదే అరుదు. అట్లా మాకు ఒకే ఉదయం పద్నాలుగు గంటలు నడిచింది. దిగేసరికి కూడా అక్కడ ఉదయమే!

దీంతో మా ఇంట్లో ఒక చిక్కు వచ్చిపడింది. మా ఆవిడకు శనివారం ఒక్కపొద్దు. వేంకటేశ్వరస్వామికి మొక్కు, ఒక్కపూటే భోజనం. శుక్రవారం రాత్రి దుబాయ్ విమానంలో తిన్నది. ఇప్పుడు శనివారం ఎప్పుడు మొదలైనట్టు, ఎప్పుడు అయిపోయినట్టు? హనుమకొండలో శనివారం మొదలైనప్పటి నుంచి డల్లాస్‌లో శనివారం ముగిసేదాకా లెక్కేస్తే 24 గంటలకు పదిన్నర కలపాలి. 34 గంటల 30 నిమిషాల శనివారం. ఇంటి గడియారం లెక్క తీసుకొమ్మని నేను, స్వామికి ఏ గడియారం ఉండదు, కాలు ఏ నేల మీద ఉంటే ఆ పొద్దే లెక్క అని ఆమె. మరి ఆకాశంలో ఉన్నవాళ్ల సంగతేంది అంటే జవాబు లేదు. పాలు, అరటిపండుతో సరిపెట్టుకొని కూర్చుంది. ఎయిర్‌హోస్టెస్ మూడుసార్లొచ్చి ఒంట్లో బాగా లేదా అని అడిగి పోయింది.

సీట్లో పదహారు గంటలంటే మాటలు కాదు. నాకు బస్సులో కూర్చునే అలవాటుంది గానీ బస్సు ప్రతి ఊళ్లో ఆగుతుంది. ఇక్కడ గంటన్నరకోసారి లేచి వెనకదాకా నడిచి వచ్చాం. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అట్లా నడవాలంటారు. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, దాహం వేయకపోయినా నీళ్లు తాగుతుండాలి. పైలట్లు కూడా ఇంత సేపు ఒకే జట్టు నడపరు. రెండు జట్లుంటాయి, ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పడుకుంటారు. మన దూరపు సర్వీసులకు ఇద్దరు డ్రైవర్లను వేసే పద్ధతే.

డల్లాస్ టైము 9:55కి దిగాం. 1974లో తెరిచిన ఈ విమానాశ్రయం విస్తీర్ణంలో న్యూయార్క్ మన్‌హటన్ దీవి కంటే పెద్దది. దిగాక గేటు దాకా చేరడానికే నేల మీద చాలా సేపు తిరిగింది. ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు అని రెండు మాటలడిగి, వేలిముద్రలు తీసుకొని పంపేశాడు. తినే వస్తువులేమున్నాయంటే పచ్చళ్లు, పిండివంటలు, మాంసం లేదు, విత్తనాలు లేవు అని చెప్పాం. ఉన్నది ఉన్నట్టు చెబితే గొడవ లేదు. గంటన్నరకు బయటపడ్డాం.

మా అమ్మాయి ఇల్లు అర్వింగ్‌లో, విమానాశ్రయానికి ఇరవై నిమిషాలు. "బాపూ, ఎట్ల అయింది ప్రయాణం?" అంటే, ముందు గడియారం చూసుకొని 11:45 అని రాసుకున్నాను. నవ్వింది, చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కదా.

నిన్న ఒంటిగంటకు బయల్దేరి ఇవ్వాళ పావు తక్కువ పన్నెండుకు చేరామంటే 22 గంటల 45 నిమిషాలే అనిపిస్తుంది. అది గోడ గడియారం చెప్పే అబద్ధం. పదిన్నర గంటల తేడా కలిపితే 33 గంటల 15 నిమిషాలు. అందులో విమానం లోపల గడిపింది 20 గంటల 5 నిమిషాలు. రోడ్డు మీద నాలుగున్నర గంటలు. మిగిలిన 8 గంటల 40 నిమిషాలు క్యూల్లో, కుర్చీల్లో. మొత్తం దూరాన్ని మొత్తం టైముతో భాగిస్తే గంటకు 470 కిలోమీటర్లు. 900తో ఎగిరే బండి ఎక్కినా ఇంటి గుమ్మం నుంచి గుమ్మానికి వచ్చేసరికి దాని వేగం సగానికి పడిపోయింది. అందుకే టికెట్ చూసేటప్పుడు విమానం ఎన్ని గంటలు ఎగురుతుందన్నది నాకు రెండో విషయం. ఎక్కడ ఎంతసేపు కూర్చోబెడతారన్నదే మొదటిది.

మా ఆవిడ ఆ మధ్యాహ్నం కూతురు పెట్టిన అన్నం తిన్నది. రాత్రి మళ్లీ తినలేదు. ఇక్కడ ఇంకా శనివారమే కదా అంది.

ఆదివారం: తెల్లవారుజామున రెండు

రెండింటికి మెలకువ. వంటింట్లో దీపం వెలుగుతోంది. మా ఆవిడ చాయ్ పెడుతోంది, ఎందుకంటే హనుమకొండలో పన్నెండున్నర. సాయంత్రం నాలుగింటికి ఇద్దరం కూర్చున్నచోటే నిద్రపోయాం. ఒళ్లు కొత్త టైముకు రోజుకు ఒక గంట చొప్పున సర్దుకుంటుందని మా అల్లుడు చెప్పాడు. ఆ లెక్కన పది రోజులు. పొద్దున పూట ఎండలో నడిస్తే తొందరగా సర్దుకుంటుందని పార్కుకు తీసుకుపోయాడు. అర్వింగ్‌లో 2014 గాంధీ జయంతి నాడు ఆవిష్కరించిన గాంధీ విగ్రహం ఉంది. దాని చుట్టూ నడుస్తున్న నలుగురిలో ముగ్గురు తెలుగే మాట్లాడుతున్నారు.

సోమవారం: దారం, గ్లోబు

మా మనవరాలికి బడి సెలవులు. ఆమె గ్లోబు తీసి, "తాతా, మీ ఊరు చూపించు" అంది. హనుమకొండ ఆ గ్లోబులో లేదు, హైదరాబాద్ ఉంది. హైదరాబాద్ మీద దారం కొస పట్టి డల్లాస్ దాకా బిగించమన్నాను. గోడ మీది పటంలో అయితే ఈ రెండు ఊళ్లకు మధ్య గీత ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. గ్లోబు మీద దారం అటు తిరగనే లేదు. హైదరాబాద్ నుంచి దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి ఢిల్లీ పక్కనుంచి, లద్దాఖ్ కొండలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదు డిగ్రీల దగ్గరగా పోయి, అవతలి పక్క కెనడాలో దిగి టెక్సస్‌కు వచ్చింది. ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు, అంటే భూమికి దాదాపు ఎదురెదురు వైపులు. అట్లాంటప్పుడు దగ్గరి దారి నెత్తి మీదుగానే.

మరి ఆ దారిలో ఎందుకు పోరని అడిగింది. పోయినవాళ్లున్నారు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా విమానం నడిపారు. కెప్టెన్ జోయా అగర్వాల్ జట్టులో పాపగారి తన్మయి అని మన తెలుగు పైలట్ కూడా ఉంది. కానీ మామూలుగా హిమాలయాలు, టిబెట్ పీఠభూమి మీద ఎక్కువ సేపు ఎగరడానికి ఇష్టపడరు. లోపల గాలి ఒత్తిడి పడిపోతే వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి, ప్రయాణికుల మాస్కుల్లో ఆక్సిజన్ కొన్ని నిమిషాలకే. కింద అయిదారు కిలోమీటర్ల కొండలుంటే ఎక్కడికి దిగేది? మనవరాలికి ఈ జవాబు బాగా నచ్చింది. సాయంత్రం దాకా సోఫాను టిబెట్ చేసి దాని చుట్టూ తిరిగింది.

మంగళవారం: లీటరుకు ఎంత

అల్లుడితో రాత్రి లెక్కలు. ఆర్టీసీలో కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందన్న లెక్క, అదే ప్రాణం, డ్రైవర్‌కు పేరొచ్చినా తిట్లొచ్చినా దానితోనే. ఆ 777 రకంలో పెద్దదాని ట్యాంకులు నిండితే 1,81,000 లీటర్లు. మొత్తం కాల్చేసిందనుకుంటే 12,920 కిలోమీటర్లకు లీటరుకు 71 మీటర్లు. కొంత మిగిలినా వంద మీటర్లు దాటదు. 350 మందితో గుణిస్తే మనిషి లెక్కన లీటరుకు పాతిక ముప్పై కిలోమీటర్లు. మా ఎక్స్‌ప్రెస్ బస్సు లీటరుకు అయిదు కిలోమీటర్లు ఇచ్చి యాభై మందిని తీసుకుపోతే మనిషికి 250. మోటార్ సైకిల్ మీద ఒక్కడే పోయినా విమానం కంటే నయం. "సముద్రం మీద బస్సు పోదు కదా మామయ్యా" అన్నాడు అల్లుడు. ఒప్పుకున్నాను.

తిరుగు ప్రయాణం మాత్రం తొందరగా అయిపోతుందట. అంత ఎత్తులో పడమర నుంచి తూర్పుకు గంటకు నూటయాభై, రెండు వందల కిలోమీటర్ల వేగంతో వీచే గాలులుంటాయి. వచ్చేటప్పుడు ఎదురు, పోయేటప్పుడు వెనక. అదే దూరం డల్లాస్ నుంచి దుబాయ్‌కి పద్నాలుగున్నర గంటల్లో అయిపోవచ్చు. ఒళ్లు సర్దుకోవడం మాత్రం తూర్పుకు పోయినప్పుడే ఎక్కువ ఇబ్బంది అంటారు.

బుధవారం: నలభై నిమిషాల దూరం

ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోయాం. ఎంత దూరమని అడిగితే ఇక్కడ ఎవరూ మైళ్లు చెప్పరు, నలభై నిమిషాలంటారు. మన పల్లెల్లో "గంట తొవ్వ" అన్నట్టే. నాకు ఈ పద్ధతి నచ్చింది, ఎందుకంటే మనిషికి కావాల్సింది అదే.

రాత్రి హనుమకొండ నుంచి నాతోపాటు డిపోలో పనిచేసిన మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్ల అబ్బాయి కూడా డల్లాస్‌లోనే, దసరా తర్వాత వాళ్లూ వస్తారట. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయం తెరిస్తే ఎంత టైము తగ్గుతుందని అడిగాడు. మామునూరుది నిజాం కాలపు రన్‌వే. 1981 దాకా విమానాలు నడిచి ఆగిపోయాయి. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో విమానాశ్రయం రాకూడదన్న ఒప్పందం చాలా కాలం అడ్డుపడింది. మామునూరు నుంచి శంషాబాద్‌కు ఆకాశ మార్గం దాదాపు 145, అయిదు కిలోమీటర్ల తేడాతో ఇరుక్కుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

లెక్కేసి చెప్పాను. ఇంటి నుంచి మామునూరుకు అరగంట. విమానానికి గంటన్నర ముందుండాలి. గాల్లో, దిగడంలో ఇంకో గంటా పది. మొత్తం మూడు గంటల పది నిమిషాలు. రోడ్డు మీద నాలుగు గంటల పది. తగ్గేది ఒక గంట. శంషాబాద్‌లో మూడు గంటల ముందుండాల్సింది ఎట్లాగూ తప్పదు. మామునూరు నుంచి నేరుగా దుబాయ్‌కి విమానం వేస్తే అప్పుడు మాట వేరు, మనకంటే జగిత్యాల, కరీంనగర్ వాళ్లకు మేలు.

"అయితే కారే నయమంటవా?"

"కారే నయం. ఘట్‌కేసర్ కాడ అవుటర్ ఎక్కు, ఉప్పల్ దిక్కు మాత్రం పోకు. దుబాయ్‌లో రెండున్నర గంటలకు తక్కువున్న టికెట్ కొనకు. వదినకు ఒక్కపొద్దులేమన్న ఉంటే ఆ రోజు చూసుకొని మరీ కొను."